గెలిచిన మర్నాడు

మెలకువ వచ్చేసరికి ఆమె ముక్కు ముందర ఒక వేలు ఉంది.

ఆమె కళ్ళు తెరవలేదు. తెరిస్తే మొగుడు దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా ముఖం తిప్పుకుంటాడు. అందుకని ఆయనకు తగిలేలా ఊపిరి కాస్త గట్టిగా వదిలింది. వేలు వెనక్కి వెళ్ళిపోయింది. మంచం అంచు కిర్రుమంది. చెప్పులు ఈడ్చుకుంటూ వంటింటివైపు నడిచిన చప్పుడు.

‘అయితే నిన్న గెలిచారన్నమాట’ అనుకుంది.

ఫుట్‌బాల్ గురించి ఆమెకు తెలిసింది బొత్తిగా తక్కువ. కానీ తమ ఊరి క్లబ్బు గెలిచిందో ఓడిందో పేపరు చూడకుండా చెప్పగలదు. అందుకు మొగుడి ముఖం చాలు. లోకంలో అభిమానులన్నవాళ్ళు టీమ్ ఓడితే తిండి మానేస్తారు, గెలిస్తే వీధిలో గంతులేస్తారు. ఈయనది తిరగేసి తొడుక్కున్న చొక్కా వ్యవహారం. ఓడిన సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికి వస్తాడు. ఆమె చేతిలోంచి గరిటె లాక్కుని “నువ్వు కూర్చో మహారాణీ” అంటాడు. గెలిచిన రోజు మాత్రం చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఆమెను చూస్తాడు. వీధి చివరిదాకా వెళ్ళి, స్టవ్ ఆపామో లేదోనని మళ్ళీ వెనక్కొచ్చి చూసేవాళ్ళు ఎలా చూస్తారో, అలా.

ఈ ఆరేళ్ళలో క్లబ్బు పెద్దగా గెలవలేదు కాబట్టి ఇంట్లో ఆ చూపు ఎక్కువసార్లు పడలేదు. ఒకప్పుడు మొదటి డివిజన్‌లో ఆడిన టీమ్ అది. అక్కడి నుంచి రెండోదానిలోకి పడింది. ఇప్పుడు అందులోనూ అడుగున వేలాడుతోంది. నిన్నటి గెలుపుతో చిన్న ఆశ పుట్టింది. శనివారం చివరి మ్యాచ్ కూడా గెలిస్తే ఉన్నచోటే ఉంటారు, లేదంటే ఇంకో మెట్టు కిందికి.

“టీ పెట్టాను,” వంటింట్లోంచి ఆయన గొంతు వినిపించింది. “నిద్ర బాగా పట్టిందా?”

“బాగానే పట్టింది. మీకు?”

గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది. ఆయన టీలో పంచదార వేసుకోడు.

ఆమె కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తుంది. గజాలకొద్దీ గుడ్డను కొలిచి, కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, రింగులు బిగిస్తుంది. ఆరేళ్ళ క్రితం ఆమె గుండె కవాటం మార్చారు. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు కత్తెర పట్టుకున్నా ఆయాసం వచ్చేది. ఇప్పుడు నిచ్చెనెక్కి రాడ్లు కూడా బిగిస్తోంది.

సోమవారం మధ్యాహ్నం షాపు అద్దాల వెనక కొత్త కర్టెన్ వేలాడదీసి, సరిగా జరుగుతోందో లేదోనని పక్కకి లాగింది. అద్దానికి అవతల, చేయి చాపితే అందేంత దూరంలో, ఆయన నిలబడి ఉన్నాడు. భుజానికి పనిముట్ల సంచి, ఒంటిమీద లిఫ్టుల కంపెనీ యూనిఫాం. ఆమె ఉలిక్కిపడింది. ఆయన ఇంకా ఎక్కువ ఉలిక్కిపడ్డాడు.

“ఇటువైపు పనుండి వచ్చా, ఊరికే,” అన్నాడు ఆమె బయటికి రాగానే.

“ఈ వీధిలో లిఫ్టు ఉన్న బిల్డింగు ఎక్కడుందండీ?”

ఆయన వీధికి అటూ ఇటూ చూశాడు, ఈలోపు ఎవరైనా ఒకటి కట్టి ఉంటారేమో అన్నట్టు. తర్వాత ఆమె పెదాలవైపు చూశాడు. వాటి రంగు చూస్తున్నాడని ఆమెకు తెలిసిపోయింది. ఆపరేషన్‌కి ముందు డాక్టర్లు అలాగే చూసేవారు.

ఆ సాయంత్రం మిషను ముందు కూర్చుంటే ఒకటే ఆలోచన. ఈయనకు ఏదో తెలుసు. పోయిన నెల పరీక్షలకు వెళ్ళినప్పుడు ఆమె బట్టలు మార్చుకుంటుండగా డాక్టరు ఈయనతో విడిగా మాట్లాడాడు. ఏం చెప్పి ఉంటాడు? మొగుడికి చెప్పి, తనకు చెప్పకూడనిది ఏమై ఉంటుంది? ఆమె కుడిచేతి వేళ్ళతో ఎడమ మణికట్టు పట్టుకుంది. నాడి మామూలుగానే కొట్టుకుంటోంది. ఆ మామూలుతనానికే ఆమెకు భయం వేసింది. షాపు నిండా వేలాడుతున్న కర్టెన్లలో ఒకటి ఫ్యాను గాలికి కదిలితే, దాని వెనక ఎవరో నిలబడి తనను లెక్కగడుతున్నట్టు అనిపించింది.

శనివారం దాకా అడగలేకపోయింది. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం.

శనివారం మధ్యాహ్నం తమ్ముడు మెళ్ళో ఆకుపచ్చ మఫ్లరు, చంకలో డ్రమ్ముతో ఊడిపడ్డాడు. తాళాలు బాగుచేసే షాపు వాడిది. మ్యాచ్ ఉన్న రోజు మాత్రం షాపు మూసేసి స్టాండులో డ్రమ్ము వాయిస్తాడు. క్లబ్బు మొదటి డివిజన్ నుంచి పడిపోయిన ఏడాది వాడు షట్టరు ఎత్తలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని వారాలు గడిపాడు. “ఆటకే ఇంత బాధేంట్రా” అని నవ్వినవాళ్ళే ఎక్కువ. ఆమె మాత్రం డబ్బాలో భోజనం పట్టుకెళ్ళి, వాడి వీపు చూస్తూ కూర్చునేది. ఇప్పటికీ వాడు మాత్రలు వేసుకుంటున్నాడు, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళి మాట్లాడి వస్తున్నాడు. చాటుగా కాదు, అందరికీ చెప్పే వెళ్తాడు.

“బావా, లేవాలి లేవాలి! ఇవాళ ఆలస్యమైతే గేటు దగ్గరే నలిగిపోతాం.”

“నేను రావట్లేదురా. నువ్వెళ్ళు,” అన్నాడు ఆయన, బల్ల మీద విప్పి పెట్టిన టార్చిలైటును మళ్ళీ బిగిస్తూ.

“రావట్లేదా? చావో రేవో తేలే మ్యాచ్‌కి రావా?”

“ఆ మాట అనకు.”

“ఏ మాట?”

“ఆ మొదటిది.”

తమ్ముడు డ్రమ్ము నేలమీద పెట్టాడు. వాడి ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

“చూడు బావా, వారం నుంచి కడుపులో పెట్టుకు తిరుగుతున్నాను. పోయిన శనివారం మనవాళ్ళు గోలు కొట్టారు. స్టాండంతా లేచింది. ముసలాళ్ళు కూడా కర్రలు పారేసి లేచారు. నువ్వొక్కడివే కూర్చుండిపోయావు. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి. నేను డ్రమ్ము కొడుతూనే చూశాను. మనం ఓడాలని ఎవరి దగ్గరైనా పందెం కాశావా?”

“నోటికొచ్చింది వాగకు.”

“మరి చెప్పు! నేను ఈ టీమ్ కోసం పిచ్చోడినై మందులు మింగుతున్నాను. నా పక్కనే కూర్చుని నువ్వు వాళ్ళ ఓటమి కోరుకుంటావా? ఎందుకు బావా? ఏం పోతుంది వాళ్ళు గెలిస్తే?”

ఆయన చేతిలోంచి టార్చి మూత జారి బల్ల కిందికి దొర్లింది. వంగి తీయలేదు. ఆమెవైపు చూశాడు, అదే చూపు.

ఆమె స్టవ్ ఆపేసింది.

“నాకు ఇంకెన్నాళ్ళుంది?” అంది.

ఇద్దరూ అటు తిరిగారు.

“డాక్టరు మీకు ఏం చెప్పాడు? నిద్రలో నా ముక్కు దగ్గర వేలు పెడుతున్నారు. పని మానుకుని షాపు ముందు నిలబడుతున్నారు. నేనేం చిన్నపిల్లనా? చెప్పండి. ఎన్నాళ్ళు?”

“అయ్యో, నీకేం లేదు!” అన్నాడు ఆయన. “బీపీ మాత్ర మార్చాలా అని మాట్లాడాడు డాక్టరు, అంతే. నువ్వు బాగున్నావు. నువ్వు బాగుండడమే...”

తర్వాత ఆయన చెప్పినదంతా వాళ్ళవైపు చూసి చెప్పలేదు, బల్లతో చెప్పాడు.

ఆమెను ఆపరేషన్‌కి తీసుకెళ్ళిన రోజు వరండాలో ఒక టీవీ ఉంది. అందులో మ్యాచ్ వస్తోంది. కప్పు ఫైనల్, మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు. నర్సు బయటికి వచ్చి, రక్తం ఆగట్లేదు, ఇంకా సమయం పడుతుంది అంది. అప్పుడు ఆయనకు ఏం చేయాలో తోచలేదు. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. ఎదురుగా టీవీ ఉంది. ‘వాళ్ళని తీసుకో, ఈమెను వదిలెయ్’ అనుకున్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. కాసేపటికి అవతలివాళ్ళు ఒక గోలు కొట్టారు, వెంటనే ఇంకోటి. ఆట అయిపోయిన వెంటనే డాక్టరు మాస్కు తీస్తూ, నవ్వుతూ వచ్చాడు.

“ఆ రోజు నుంచి వాళ్ళు లేవలేదు,” అన్నాడు. “కిందికి, ఇంకా కిందికి. వీడు మంచమెక్కాడు. స్టాండులో మన వెనక కూర్చునే టైలరు పెద్దాయన ఎవరితోనూ మాట్లాడ్డం మానేశాడు. క్లబ్బు క్యాంటీన్‌లో పనిచేసేవాళ్ళని తీసేశారు. వీళ్ళందరి ఏడుపూ నేను వాడుకుంటున్నాను. తెలుసు నాకు. అయినా ప్రతి శనివారం వెళ్ళి, ఓడాలని కోరుకుంటాను. గెలిస్తే... ఆ రాత్రంతా నాకు నీ ఊపిరి తప్ప వేరే చప్పుడు వినపడదు.”

దూరంగా స్టేడియం మైకులో ఎవరో పరీక్షగా అంకెలు చదువుతున్నారు.

ముందు ఆమెకు వచ్చింది కోపం. ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, పెద్ద కోపం.

“అంటే ఈ ఆరేళ్ళూ నేను బతకలేదన్నమాట. గడువు పెంచుకుంటూ వచ్చారన్నమాట. నేను లేచానా, కుట్టానా, తిన్నానా, దేనికీ లెక్కలేదు. పదకొండుమంది లాగూలవాళ్ళు బంతి వదిలేస్తే నేను బతికాను!”

“అలా కాదు...”

“ఎలా కాదు? లిఫ్టు ఆగిపోతే మీరు ఏం చూస్తారు? తాడు చూస్తారు, బ్రేకు చూస్తారు. ఎవరి దిష్టి తగిలిందని అడుగుతారా? నా గుండె ఆ డాక్టరు చేతులు బాగుచేశాయి. నేను గోడ పట్టుకుని నడిచి బాగుచేసుకున్నాను. దానికి మీరు గోల్ కీపరుకు దండ వేస్తారా?”

“వాడికెందుకక్కా దండ,” అన్నాడు తమ్ముడు ఉన్నట్టుండి. “వాడి చేతుల్లోంచి బంతి జారడానికి బావ కోరుకోవాలా? వెన్న రాసుకుని పుట్టాడు వాడు.”

ఎవరూ నవ్వలేదు. వాడు కుర్చీలో కూలబడి, మఫ్లరు అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

“బావా, గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో నేనేం అనుకునేవాడినో తెలుసా? నేను వెళ్ళిన మ్యాచ్‌లే ఓడిపోతున్నాయి, నావల్లే అని. ఆ స్టాండులో ప్రతివాడూ అదే అనుకుంటాడట. మా డాక్టరు చెప్పాడు. ఏమీ చేయలేనివాళ్ళం కదా, కనీసం తప్పయినా మనదే అనుకుంటాం. ఆ వరండాలో నేనున్నా అదే కోరుకునేవాడిని. అక్క కోసం నాలుగు క్లబ్బులు ఇచ్చేసేవాడిని. కానీ నాతో చెప్పాల్సింది బావా. ఒక్కడివే మోసుకుంటూ తిరిగావు.”

ఆయన తల ఎత్తలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఆమె కోపం ఇంకా తగ్గలేదు, కానీ అది నిలబడడానికి చోటు లేకుండా పోయింది. వెళ్ళి చెప్పులు వేసుకుంది.

“పదండి. నేనూ వస్తాను.”

“నువ్వా? వద్దు. అక్కడ తోపులాట...”

“వాళ్ళు గెలిస్తే నేను మీ ఎదురుగానే ఉంటాను. ఏమవుతుందో చూద్దురుగాని.”

స్టాండు ఆమె అనుకున్నంత పెద్దది కాదు. సిమెంటు మెట్లు, పెచ్చులూడిన ఆకుపచ్చ రంగు, చెమట వాసన. కానీ అన్ని వేలమంది ఒకేసారి ఊపిరి బిగబట్టడం ఆమె అంతకుముందు వినలేదు. తమ్ముడు ముందు వరసలో డ్రమ్ము వాయిస్తున్నాడు. ఆట ఆఖరికి వచ్చేసరికి చెరో గోలు. సమం అయితే చాలదు, గెలవాలి. ఇంతలో అవతలివాడెవడో మనవాడి కాలికి అడ్డం పడ్డాడు. పెనాల్టీ.

డ్రమ్ము ఆగిపోయింది. అందరూ లేచారు. ఆమె పక్కకి చూసింది. ఆయన కూడా లేచాడు. పెదాలు కదులుతున్నాయి.

“ఏం కోరుకుంటున్నారు?” అంది చెవి దగ్గర.

ఆయన బరువులెత్తేవాడిలా ఒకసారి ఊపిరి తీసుకుని, “గోలు కావాలని” అన్నాడు. ఆమె చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుని మళ్ళీ అన్నాడు, ఈసారి పైకి, పక్కవాళ్ళకి వినబడేలా. “కొట్టరా నాయనా! కొట్టు!”

బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పోయింది.

విజిల్ మోగింది. క్లబ్బు ఇంకో మెట్టు దిగిపోయింది. చుట్టూ మనుషులు ఉన్నచోటే కూర్చుండిపోయారు. ఆయన కూడా కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఈల లేదు, వేళాకోళం లేదు. పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి ఆయన వీపు మీద చెయ్యి వేస్తే ఆ చేతిని పట్టుకుని, అందరిలా, ఓడిపోయినవాడు ఏడ్చినట్టు ఏడ్చాడు. తమ్ముడు మెట్లెక్కి వచ్చి బావను చూసి, డ్రమ్ము వదిలేసి కావలించుకున్నాడు. ఆమె ఆ ఇద్దరి తలలమీదా చేతులుంచి నిలబడింది. టీమ్ ఓడిన రోజున మొగుడు ఏడుస్తున్నాడు. ఆమెకు అది పండగలా ఉంది.

తిరిగి వచ్చే దారిలో ఆమెకు ఒక సంగతి గుండెల్లో గుచ్చుకుంటోంది. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. కానీ చెప్పకుండా మోస్తే ఏమవుతుందో ఇప్పుడే చూసింది.

“బంతి స్తంభానికి తగిలినప్పుడు,” అంది, “నేను హమ్మయ్య అనుకున్నాను.”

ఇద్దరూ ఆగిపోయారు.

“తిట్టింది నేనే. నమ్మనిదీ నేనే. అయినా లోపల ఎవరో హమ్మయ్య అన్నారు.”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. పెదాల రంగు చూడలేదు, ఊపిరి వెతకలేదు. తడికళ్ళతో చిన్నగా నవ్వాడు.

“అది అంత తొందరగా పోదు,” అన్నాడు. “నాకు తెలుసు.”

“బాగుంది మన సంసారం,” అన్నాడు తమ్ముడు ముక్కు తుడుచుకుంటూ. “సోమవారం ముగ్గురం మా డాక్టరు దగ్గరికి పోదాం. ఆయన గదిలో కుర్చీలు చాలవేమో.”

మళ్ళీ నడిచారు. వీధి మలుపులో ఆమె అడిగింది. “కింది డివిజన్‌లో ఆటలు ఎప్పుడు మొదలవుతాయి?”

“సెలవులయ్యాక. ఎందుకు?”

“నాకూ టికెట్ తీయండి. ఒక్క మ్యాచ్‌కి కాదు, సీజన్ మొత్తానికి.”

అంటే ఏడాది పొడుగునా ఆమె ఉంటుందని ముందే డబ్బు కట్టి చెప్పడం. ఆయన అడుగు తడబడింది. ఆమె ఎదురుచూసింది, తొందరపెట్టలేదు.

“తీస్తాను,” అన్నాడు ఆయన. “నా పక్క సీటే తీస్తాను.”