మూసిన తలుపు వెనక సొనాటా

మొదటి ఆదివారం బోధన్ చర్చిలో పాస్టరుగారు వివాహ ప్రకటన చదివారు. వీరస్వామికీ సలోమికీ పెళ్లి నిశ్చయమైందనీ, వరుసగా మూడు ఆదివారాలు ఇలాగే చదువుతాననీ, అభ్యంతరం ఉన్నవాళ్లు ఆలోగా చెప్పాలనీ అన్నారు. మగవాళ్ల వైపు కూర్చున్న పెళ్లికొడుకు తలెత్తి, హార్మోనియం ముందున్న పెళ్లికూతురిని చూశాడు. ఆమె చూడలేదు. ఒళ్లో పెట్టుకున్న ఆమె వేళ్లు మాత్రం దేన్నో నొక్కుతున్నట్టు గబగబా కదులుతున్నాయి.

ఇదేదో తేడాగా ఉందే అనుకున్నాడు వీరస్వామి.

ఆయనకు అనుమానం రోగం కాదు, ఉద్యోగం. షుగర్ ఫ్యాక్టరీ ల్యాబులో చెరుకురసం పరీక్ష చేస్తాడు. రైతు తన చెరుకు తియ్యగా ఉంటుందని ఒట్టేసినా, గాజుగొట్టంలో పోసి చూస్తే తప్ప నమ్మడు. పెళ్లిచూపులనాడు సలోమి చక్కెర లేని చాయ్ తాగింది. బోధన్‌లో పుట్టి చక్కెర వద్దనే పిల్ల ఎక్కడైనా ఉంటుందా? అప్పటి నుంచి ఆయన మనసులో ఒక పురుగు తొలుస్తూనే ఉంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆఫీసర్ల క్లబ్బు పక్కనుంచి పోతుంటే లోపల పియానో వినబడింది. ఎప్పుడో దొరలు వదిలిపోయిన పియానో అది. సలోమి తప్ప ఊళ్లో దాన్ని ముట్టుకునేవాళ్లు లేరు. నిజామాబాద్ హాస్టల్లో చదివే రోజుల్లో ఒక దొరసాని టీచర్ ఆమెకు నేర్పిందని అందరికీ తెలుసు. తలుపులూ కిటికీలూ అన్నీ బిగించి ఉన్నాయి. వీరస్వామి కిటికీ కింద నిలబడ్డాడు. అలా నిలబడడం పెద్దమనిషి తరహా కాదు, కానీ నిలబడ్డాడు.

లోపల ఎవరో గట్టిగా, కోపంగా వాయించారు. వెంటనే ఇంకెవరో మెత్తగా, బతిమాలుతున్నట్టు బదులిచ్చారు. మళ్లీ కోపం, మళ్లీ బుజ్జగింపు. కాసేపటికి ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడి పోట్లాడుకున్నారు.

చిన్నప్పటి నుంచి వీరస్వామి విన్నది చర్చి పాటలే. ఎన్ని చరణాలున్నా బాణీ ఒకటే, హార్మోనియం మీద మనిషీ ఒక్కరే. ఇక్కడ బాణీలు రెండు. అంటే మనుషులూ ఇద్దరే అని లెక్క తేల్చేశాడు.

క్లబ్బు చౌకీదారు ముత్తన్నను అడిగితే సలోమమ్మ ఒక్కతే ఉందనీ, తలుపు తీయొద్దని గట్టిగా చెప్పిందనీ అన్నాడు. ఒక్కతే ఉంటే తలుపు తీయొద్దనడమెందుకు? మరో రోజు వర్క్‌షాపు ఇంజినీరు ఆత్మారాం ఆ తలుపులోంచే చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. నాందేడ్ వాడు, బ్రహ్మచారి, పైగా ఈల వేస్తూ వెళ్లాడు. వీరస్వామికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

రెండో ఆదివారం ప్రకటన చదువుతుండగా లేవబోయి ఆగాడు. శాంపిల్ లేకుండా రిపోర్టు రాయడం ఆయన పద్ధతి కాదు. శనివారం క్లబ్బుకు వెళ్లాడు. లోపల అదే జగడం సాగుతోంది. తలుపు తట్టకుండా నెట్టాడు.

"తలుపు మూయుండ్రి, మసి వస్తది," అంది సలోమి వెనక్కి తిరగకుండానే.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. చెరుకు ఆడే క్రషింగ్ సీజన్‌లో బోధన్ మీద మసి వానలా కురుస్తుంది. పిప్పి కాల్చిన ఆ నల్లటి నుసి పియానోలో పడితే మీటలు పట్టేస్తాయి. గుర్తొచ్చినా ఊరుకున్నాడా? తెర వెనక చూశాడు, పియానో వెనక చూశాడు, వంగి బిలియర్డ్స్ బల్ల కింద కూడా చూశాడు. లేచేసరికి సలోమి ఆయన వైపే చూస్తోంది.

"ఎవల కోసం దేవులాడుతున్నరు?"

"ఇద్దరు వాయించంగ విన్న. ఒకలు గట్టిగ, ఒకలు మెత్తగ."

ఆమె ముఖం ఎర్రబడింది. ఆత్మారాం పియానో కింద కాలితో నొక్కే, తెగిపోయిన పెడల్‌కు తీగ కట్టిపోయాడని మాత్రం పొడిగా చెప్పింది. తర్వాత కుర్చీ చూపించింది.

"మీరు విన్నది నిజమే. ఇద్దరున్నరు. కూసోండ్రి."

ఆ ఇద్దరినీ వేరువేరుగా వాయించి చూపించింది. దీన్ని సొనాటా అంటారంది. మొదటి బాణీది సొంత శ్రుతి, రెండోది వేరే శ్రుతి. నడుమ ఇద్దరూ తగవు పడతారు, ఊళ్లు తిరుగుతారు, చివరికి ఒకే శ్రుతికి చేరుకుంటారు. సొనాటాలు కట్టిన మోజార్ట్ కాలంలో ఇదంతా బుద్ధిగా, మూడు భాగాలుగా, మధ్యమధ్య ఆగుతూ సాగేదట. బీథోవెన్ వచ్చి ఆ తగవును పెంచాడు. నెమ్మదిగా ఉండే భాగాన్ని తెచ్చి ఒక సొనాటాలో మొదట్లోనే పెట్టాడు. షూబర్ట్ తొందరే లేకుండా దూరదూరపు శ్రుతుల్లోకి వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత లిస్ట్ ఎక్కడా ఆగకుండా మొత్తం ఒక్కటిగా అల్లేశాడు.

వీరస్వామికి సగమే అర్థమైంది. కానీ చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూసి, ఈ పిల్ల నాక్కావాలి అని మొదటిసారి అనిపించింది. ఆ సంగతి నోటిదాకా వచ్చేలోపు ఆమె పియానో మూత దించింది.

"గీ కొత్త తీరు పాట ఎటు పోతదో ముందుగాల తెల్వదు. నమ్మి వెంబడి పోవాలె. మీకు గది చాతగాదు. రేపు మూడో ప్రకటన. అభ్యంతరం చెప్పే హక్కు నాకు గూడ ఉన్నది."

మూడో ఆదివారం పాస్టరుగారు చదవడం ముగించి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగారు. వీరస్వామి హార్మోనియం వైపు చూశాడు. ఆమె కదిలింది. ఆమె లేవకముందే తనే లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ల వైపు సలోమి తల్లి రూతమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నాకు అభ్యంతరం లేదయ్యగారూ. నేను ఆమెను అనుమానపడ్డ. తలుపు తట్టకుండ లోపలికి పోయి దొంగ లెక్క ఎతికిన. తప్పు నాది. అందుకు ఆమె నన్ను కాదంటే, ఎవలు గూడ ఆమెను ఒక్క మాట అనొద్దు."

చర్చి మొత్తం ఆమె వైపు తిరిగింది. సలోమి హార్మోనియం తిత్తి లాగింది. ముందు గట్టిగా, కోపంగా ఒక బాణీ. వెంటనే మెత్తగా ఇంకొకటి. రెండూ కాసేపు కలబడ్డాయి. ఇదేం పాటని రూతమ్మ పక్కామెను అడుగుతుండగానే మెత్తటి బాణీ మొదటిదాని శ్రుతిలోకి వచ్చి నిలిచింది. ఎక్కడా ఆపకుండా సలోమి అందులోంచే ఆరాధన పాట ఎత్తుకుంది. జనం తడబడి ఆలస్యంగా లేచారు. వీరస్వామి ఒక్కడే సమయానికి పాడాడు.

ఆరాధనయ్యాక గుమ్మం దగ్గర ఆమె ఆగి, ఇంకేమైనా అనుమానాలు మిగిలాయా అని అడిగింది. సిగ్గుపడుతూనే చాయ్ సంగతి అడిగేశాడు. పుట్టినప్పటి నుంచీ ఫ్యాక్టరీ చెరుకుపాకం వాసన పీలుస్తున్నాననీ, ఆ తీపి గొంతులోకి కూడా ఎందుకనీ చెప్పి నవ్వింది.

"పెండ్లయినంక గూడ నేను వాయిస్త," అంది. "తలుపు మూసే ఉంటది మరి."

"మూసే ఉంచు," అన్నాడు వీరస్వామి. "నేను లోపల్నే కూసుంట."