నీలం వదలని నీళ్లు

అపొలోనియా తలుపు తట్టకుండానే తోసుకుని లోపలికొచ్చింది. భుజం మీద కుళ్లిన టమాటా గుజ్జు ఇంకా జారుతోంది. సంతలో ఎవరో విసిరారట. డిటెక్టివ్ ఎకీవా వేయించిన గుమ్మడిగింజలు ఒలుచుకుంటూ కుర్చీ చూపించాడు. ఆయన సహాయకురాలు మికాయెలా తడిగుడ్డ అందిస్తే, అపొలోనియా దాన్ని పిడికిట్లో పట్టుకుందే గాని తుడుచుకోలేదు.

సోలోరియో గారి అద్దకం కార్ఖానాలో ఆమె పని బూజు పెంచడం. ఓక్ మొద్దుల్ని తిని పిండి చేసే పుట్టగొడుగు అది, సీమకోడి తోకలా చారలు చారలుగా ఉంటుంది. మెస్కాల్ సారా బట్టీలో మిగిలిన కిత్తనార పిప్పి, గోధుమ తవుడు కలిపి గంజి కాచి జాడీల్లో పోస్తే, దాని మీద పెరిగి రసం వదులుతుంది. ఆ రసంలో ఉండే ఎంజైము చెక్కని కరిగించినట్టే రంగునీ విరగ్గొడుతుంది. సాయంత్రం తొట్టిలో పోస్తే తెల్లారేసరికి నీలం నీళ్లు తేటపడతాయి. అది లేకపోతే రంగునీళ్లు పాత్స్క్వారో సరస్సులో కలుస్తాయి, సర్కారు వాళ్లు కార్ఖానా మూయిస్తారు.

ఆదివారం ఎవరో జాడీలన్నిట్లోనూ సలసల కాగే నీళ్లు పోశారు. బూజంతా చచ్చింది. ఆ గది తాళంచెవులు ఆమె దగ్గరా, ఇంజినీరు గమలియేల్ దగ్గరా, యజమాని మేనల్లుడు క్రిస్పిన్ దగ్గరా ఉంటాయి. యజమాని మాత్రం ఆమె ఒక్కదాన్నే పట్టుకున్నాడు. అవతలి ఊరి తోలు కార్ఖానాకి బూజు అమ్ముకుని ఇక్కడిది చంపేసిందని నడివీధిలో అరిచాడు. అది విని ఆమె అత్తగారు మనవరాల్ని లోపలికి లాక్కుని తలుపేసుకుంది.

"దొంగదాని చేతికి చచ్చిన నా కొడుకు బిడ్డనివ్వనంటోంది," అంది అపొలోనియా. "అయ్యగారు నన్ను పోలీసులకి పట్టిస్తే ఇక పిల్ల ఆవిడదే. నాకు ఉద్యోగం అక్కర్లేదు సార్. పిల్ల కావాలి."

ఎకీవా, మికాయెలా కార్ఖానాకి వెళితే మంచినీళ్లు కూడా ఇచ్చినవాడు లేడు. రంగు మరకల చేతులతో ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి, మా కూడు పోగొట్టినదాని తరఫున వచ్చారా అన్నట్టు చూశారు. క్రిస్పిన్ తొట్టి గోడ మీదే కాళ్లూపుతూ కూర్చుని, "ఏం సార్, బూజు దులపడానికొచ్చారా?" అన్నాడు. ఆదివారం తను లారీతో ఉరుఆపాన్‌లో ఉన్నానని, కావాలంటే అక్కడి సంతవాళ్లనడగమని చెప్పాడు. మికాయెలా ఫోన్ చేసి కనుక్కుంటే అది నిజమే.

ఇంజినీరు గమలియేల్ మాటలో మర్యాద ఉంది, చూపులో లేదు.

"అపొలోనియా పెంచే బూజు మంచిదేనా?" అడిగాడు ఎకీవా.

"మంచిదా? వారం రోజులు నానబెట్టినా బకెట్టెడు నీళ్లలో నీలం వదలదు. ఆ మనిషి అసలు బూజు ఎక్కడో దాచేసింది. మాకు చూపించిన జాడీలన్నీ పనికిరానివే."

ఎకీవా తలూపి ఇంకో గింజ ఒలిచాడు. మికాయెలాకి చిరాకేసింది. ఆ మనిషిని ఇంకా గట్టిగా నిలదీయకుండా ఈయన గింజలేంటి?

అక్కణ్నుంచి అపొలోనియా ఇంటికి వెళ్లారు. జాడీల్లో బూజు చావడానికి ముందురోజే ఎవరో ఆ ఇల్లు గాలించిపోయారట, ఆమె ఇంకా సర్దుకోలేదు. పరుపు కోశారు, పిండిడబ్బా బోర్లించారు. ఏదీ పట్టుకుపోలేదు. గోడకి వేలాడాల్సిన పెద్ద రాగి గంగాళం నేల మీద దొర్లుతోంది.

"అమ్మితే మంచి ధర వచ్చేది కదా దీనికి," అన్నాడు ఎకీవా.

"అందులోనే గంజి కాస్తాను సార్. కార్ఖానా స్టీలు గిన్నెలు రంగు కంపు కొడతాయి. పిప్పి పులిసిపోయి ఉంటుంది, అందుకని రాత్రంతా ఇందులోనే నాననిస్తాను."

ఆయన గంగాళం లోపల వేలితో రుద్దాడు. వేలికి పచ్చటి చిలుమంటింది. చాలాసేపు దాన్నే చూశాడు.

మర్నాడు మికాయెలాని తోలు కార్ఖానాకి పంపాడు. పచ్చితోళ్ల కంపులో గేటు దగ్గర నిలబడి బూజు సంగతి ఎత్తగానే మేనేజరు ఆమె మీద విరుచుకుపడ్డాడు. ఆమె ఆ బూజు అమ్మినవాడి మనిషనుకున్నాడు. బతికున్న బూజు జాడీ తెచ్చి ఆమె చేతుల్లో కుక్కి, ఈ చెత్త తీసుకుపొమ్మని మీవాడికి చెప్పు అన్నాడు.

ఎకీవా వెళ్లి, బూజు మళ్లీ పెంచడానికి సోలోరియోని రెండు వారాల గడువడిగాడు. ఆయన పళ్లు కొరికాడు. కానీ బూజు లేకపోతే ఎలాగూ మునిగేది ఆయనే, అందుకని ఒప్పుకున్నాడు. ఆ రెండు వారాలూ అపొలోనియా రోజూ అత్తగారి వీధికి వెళ్లింది. కిటికీ రెక్క ఒక్కసారి కూడా తెరుచుకోలేదు.

గడువు ముగిసిన పొద్దున ఎకీవా అందర్నీ అద్దకం గదిలో చేర్చాడు. బల్ల మీద గుడ్డ తీశాడు. రెండు గాజు జాడీలు. ఒకదాంట్లో నీళ్లు తేటగా ఉన్నాయి. రెండోదాంట్లో చిక్కటి నీలం అలాగే ఉంది.

"రెండిట్లోనూ నిన్న సాయంత్రం పోసింది ఒకే రంగునీళ్లు," అన్నాడు. "రసమూ ఒకే బూజుది. తోలు కార్ఖానా నుంచి మికాయెలా తెచ్చిన జాడీలోది. ఒక దానికి గంజి స్టీలు గిన్నెలో కాచాం, ఒక దానికి రాగి గంగాళంలో. అంతే తేడా."

సోలోరియో దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"ఈ ఎంజైము గుండెలో రాగి ఉంటుంది. పులిసిన గంజి గంగాళం నుంచి ఇంత రాగిని కరిగించుకుంటుంది. అది తగిలితే బూజు రసాన్ని ధారాళంగా వదులుతుంది. అపొలోనియాకే తెలియదు ఈ సంగతి. ఇక దొంగకేం తెలుస్తుంది? స్టీలు తొట్టిలో పెంచి అమ్మాడు. రంగు విరగలేదు. కొన్నవాళ్లు మోసగాడన్నారు. అసలు బూజు ఈమె దాచిందనుకుని ఇల్లంతా వెతికాడు. గంగాళాన్ని పక్కకి తోసి మరీ వెతికాడు. దొరకలేదు. ఆ కోపం కొంత, తన దొంగతనం ఈమె మీదికి పోతుందన్న ఆశ కొంత. జాడీల్లో వేడినీళ్లు పోశాడు."

"ఎవరు?" అన్నాడు సోలోరియో.

"మీ కార్ఖానాలో ఈ రసం ఎప్పుడైనా వారం పట్టిందా అయ్యా?"

"లేదు. రాత్రికి రాత్రే తేటపడేది."

"మరి వారం నానబెట్టినా నీలం వదలని బూజుని ఇంజినీరుగారు ఎక్కడ చూశారు?"

మికాయెలాకి అప్పుడు వెలిగింది. ఆ మాట ఆమె చెవులారా విన్నదే. గమలియేల్ నవ్వబోయాడు. తోలు కార్ఖానా మేనేజరు బయట బండిలో ఉన్నాడని, పిలవమంటారా అని ఎకీవా అడిగేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఇన్నేళ్లు చదివాను," అన్నాడు గమలియేల్ అపొలోనియా వైపు అసహ్యంగా చూస్తూ. "అడ్డమైన వంటపాత్ర..."

క్రిస్పిన్ అతని రెక్క పట్టి బయటికి నడిపించాడు. పోలీసులు వచ్చేదాకా గేటు దగ్గరే కాపలా ఉన్నాడు.

సోలోరియో గొంతు సవరించుకుని, అయితే రేపటి నించి గంజి కాచమన్నాడు.

"కాస్తాను," అంది అపొలోనియా. "నన్ను వీధిలో దొంగన్నారు. వీధిలోనే కాదనండి. మా అత్త గుమ్మం ముందు. లేదంటే మీ రంగు మీరే తాగండి."

ఆయన మొహం కందగడ్డయింది. అయినా వెళ్లాడు. మొదటిసారి ఆయన గొణిగితే లోపల్నుంచి ముసలావిడ, వినపడలేదు అంది. రెండోసారి వీధి చివరిదాకా వినపడేలా చెప్పాల్సొచ్చింది. గడియ తీసింది గాని, ఆవిడ క్షమించినట్టు లేదు, ఓడిపోయినట్టుంది.

పిల్ల నానమ్మ పరికిణీ వెనకనించి తొంగి చూసింది. అపొలోనియా చేతులు చాపినా రాలేదు.

"నువ్వు దొంగవి కాదా?"

"కాదమ్మా."

పిల్ల కాసేపు మికాయెలానీ, ఎకీవానీ, మెట్ల మీద చెమట తుడుచుకుంటున్న పెద్దమనిషినీ చూసింది. తర్వాత లోపలికెళ్లి తన చెప్పులు తెచ్చుకుని, గడప మీద కూర్చుని, తొడగమని అమ్మ ముందు కాళ్లు చాపింది.