ముందే ముగిసిన నాటిక

పెద్దాయన మేకప్ గదిలో బోర్లా పడి ఉన్నాడు. తల వెనక పగిలింది. పక్కనే, సెట్ తలుపు ఒరిగిపోకుండా ఆనించే ఇనుప దిమ్మ. దాన్ని ఎవరో తువ్వాలుతో శుభ్రంగా తుడిచారు. వేలిముద్రల్లేవు.

ఏటా జరిగే కొత్త నాటికల ఉత్సవం అది. రూల్ ఒక్కటే. ఇంతకుముందు ఎక్కడా ఆడని నాటికే ఆడాలి. ఉత్సవం పెట్టిందీ, బహుమతి తేల్చేదీ ఈ పెద్దాయనే. ఇన్నేళ్లూ ఆయన మాటే వేదం. నిజం చెప్పాలంటే, హాల్లో సగం మంది మొహాల్లో దుఃఖం కంటే "మరి బహుమతి ఎవరిస్తారు?" అన్న దిగులే ఎక్కువ. కళాకారులండీ! ఏం చేస్తాం!

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ఎనిమిదైంది. ఆవిడకి మోకాలి నొప్పి. నాటకాలంటే తలనొప్పి.

"ముందు ఎవరు చూశారు?"

"మేకప్ తాత, మేడమ్. చేతులనిండా రక్తం. పట్టుకుని కూర్చోబెట్టాం. కేసు అయిపోయినట్టే," అన్నాడు కానిస్టేబుల్.

"ఆలూ లేదు, చూలూ లేదు. అప్పుడే కొడుక్కి పేరు పెట్టేశావా?"

తాత స్టూలు మీద ముడుచుకుని ఉన్నాడు.

"లేపుదామని తల పట్టుకున్నానమ్మా. అంతే."

"మధ్యాహ్నం ఆయనతో గొడవపడ్డావట?"

"వచ్చే ఏడాది నుంచి రావద్దన్నాడు. ఎవరి మేకప్ వాళ్లే వేసుకుంటార్ట. కోపం రాదా? వచ్చింది. కోపమొచ్చిన ప్రతివాడూ చంపుతాడా అమ్మా?"

"చివరి నాటికప్పుడు ఎక్కడున్నావ్?"

"వెనక మెట్ల మీద. సిగరెట్ కాలుస్తూ."

"ఎవరైనా చూశారా?"

"నన్నెవరు చూస్తారమ్మా?"

తాత తరఫున నోరు విప్పేవాడు లేకపోతే ఈ రాత్రికి లాకప్పే గతి. ఆ వయసులో లోపలికి వెళ్తే మళ్లీ బయటికి రావడం కల్ల. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన ఏడూ పదికి లేచాడు. అప్పుడే చివరి నాటిక మొదలైంది. ఏడూ ముప్పై అయిదుకి, తెర దిగిన కాసేపటికి, శవం కనబడింది. ఈ మధ్యలోనే ఎవరో ఆ గదిలోకి వెళ్లారు.

ఆ నాటిక రాసినవాణ్ణి పిలిచారు. సన్నగా, గడ్డంతో ఉన్నాడు.

"ఆయన ఎందుకు లేచాడు?"

"నా నాటిక మొదలైతే లేచిపోతారు మేడమ్. తొమ్మిదేళ్లుగా రాస్తున్నాను. ఒక్కటీ చూడలేదు."

"కోపం లేదా?"

"అలవాటైపోయింది."

"నువ్వెక్కడున్నావ్?"

"హాల్ వెనక తలుపు దగ్గర. మొదట్నుంచీ చివరిదాకా అక్కడే నిలబడి చూశాను."

అందరిదీ ఇదే పాట. హాల్లో చీకటి. అందరి కళ్లూ స్టేజీ మీద. అవుననేవాడూ లేడు, కాదనేవాడూ లేడు.

స్టేజీ పక్క తెరల వెనక, నెరిసిన విగ్గుతో ఒకావిడ వెక్కి వెక్కి ఏడుస్తోంది. చివరి నాటికలో తల్లి వేషం ఆవిడదే. రచయితకి సొంత అక్క.

"పెద్దాయన మీకేమవుతారు?"

"ఏమీ కారు."

"మరెందుకు ఈ ఏడుపు?"

"తమ్ముడి నాటిక పాడుచేశాను మేడమ్. మధ్యలో మాట పోయింది. నోరు తెరిస్తే ఒక్క ముక్క రాలేదు. కొడుకు వేషం వేసినాయన కంగారుపడి చివరి మాట అనేశాడు. తెర దించేశారు. తల్లి మాట్లాడే ఘట్టం మొత్తం ఎగిరిపోయింది. నాటికకి ప్రాణమే అది."

"జనం అల్లరి చెయ్యలేదా?"

"కొత్త నాటిక కదండీ. ఏముందో తెలిస్తే కదా, ఏం పోయిందో తెలిసేది! చప్పట్లు కూడా కొట్టారు."

"తమ్ముడేమన్నాడు?"

ఆవిడ తల దించుకుంది.

"చెయ్యి పట్టుకుని, 'బాగా చేశావక్కా' అన్నాడు."

"మాట ఎందుకు పోయింది?"

ఆవిడ విగ్గు తీసి, దాని జుట్టు సర్దడం మొదలుపెట్టింది.

తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ అందర్నీ స్టేజీ మీదికి రమ్మంది. మూడు అట్టగోడల గది సెట్టు. రంగు వాసన ఇంకా పోలేదు. తాతని ఒక మూల నిలబెట్టారు.

"నాటిక నేను చూడలేకపోయాను," అందావిడ రచయితతో. "ఎలా జరిగింది?"

అతని మొహం వెలిగింది.

"బ్రహ్మాండంగా జరిగింది మేడమ్."

"తల్లి మాట్లాడే ఘట్టం?"

"సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది."

కొడుకు వేషం వేసినాయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"ఆ ఘట్టం ఇవాళ ఆడనే లేదు," అంది ఇన్‌స్పెక్టర్. "నలభై నిమిషాల నాటిక ఇరవైకే అయిపోయింది. తొందరగా ఇంటికి పోవచ్చని అందరూ సంతోషించారు. ఎందుకయిపోయిందని ఒక్కరూ అడగలేదు. అడగాల్సినవాడు ఒక్కడే, రాసినవాడు. ఒక్క మాట మింగితేనే రచయిత నటుల పీక పట్టుకుంటాడు. ఇక్కడ సగం నాటిక పోతే 'బాగా చేశావక్కా' అన్నాడు! ఎందుకు? అసలు హాల్లో లేడు కాబట్టి."

అతను తడబడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు.

"అక్క మర్చిపోయిందని పదిమందిలో ఎలా చెప్పను మేడమ్? పరువు పోదా? అందుకే అబద్ధమాడాను. తలుపు దగ్గరే ఉన్నాను. కావాలంటే అక్కనే అడగండి."

ఇన్‌స్పెక్టర్ చేతిలో అంతకుమించి సాక్ష్యం లేదు. ఆ సంగతి అతను కనిపెట్టేశాడు.

అందరూ అక్క వైపు చూశారు. అక్క తాత వైపు చూసింది. ముసలాయన చేతుల మీద రక్తం ఎండి నల్లబడింది. కడుక్కోనివ్వలేదు.

"అబద్ధం తమ్ముడూ," అంది ఆవిడ. "నువ్వక్కడ లేవు."

"అక్కా!"

"ఆ తలుపు మీద చిన్న ఎర్రలైటు ఉంటుంది. దాని కింద నిలబడి నాతోపాటు పెదాలు కదుపుతావు. తొమ్మిదేళ్లూ నీ పెదాలు చూసే మాటలు చెప్పానురా. ఇవాళ ఆ ఘట్టం ఎత్తుకోబోతూ చూశాను. నువ్వు లేవు. ఉంటే నేను మర్చిపోయేదాన్నా?"

అతను సెట్టులోని కుర్చీలో కూలబడ్డాడు. ఎవరూ అడక్కుండానే తనే మొదలుపెట్టాడు.

"బతిమాలడానికి వెళ్లానక్కా. ఈ ఒక్కటీ చూడండి, పోయిన మా అమ్మ గురించి రాశాను అన్నాను. 'మీ అమ్మ గోల నాకెందుకు? తలుపేసి పో' అన్నాడు. తర్వాత ఎంతసేపైందో తెలీలేదు; చప్పట్లు వినబడితే మొత్తం ఆడేశారనుకున్నాను."

"నీ నాటిక చూడలేదని మనిషిని చంపావు," అంది ఇన్‌స్పెక్టర్. "ఆ నాటిక నువ్వూ చూడలేదు."

కానిస్టేబుల్ తాతని వదిలేసి ఇటు వచ్చాడు. సంకెళ్లు పడుతుంటే రచయిత చేతుల వైపు చూసుకోలేదు. అక్క మొహంలోకే చూస్తున్నాడు.

"అయితే అమ్మ మాటలు ఎవరూ వినలేదా అక్కా?"

"వినలేదురా," అంది అక్క. "ఒక్కరు కూడా వినలేదు."