రెండు నొక్కులు

ఆ రోజుల్లో విశాఖపట్నం వైపు ఊళ్లలో చచ్చిపోయినవాళ్లు పనికి పోవడం మామూలైపోయింది. ఇరవయ్యేళ్ల కిందట కన్నుమూసిన వడ్రంగి భీమిలి రేవులో తెల్లారేసరికి పడవ పక్కన కూర్చుని చెక్క చిత్రిక పడుతుండేవాడు. పొందూరులో ఎప్పుడో పోయిన ఒక ముసలమ్మ చేప దవడతో ఖద్దరుకు పత్తి ఏకుతుండేది. మొదట్లో జనం ఆగి దండం పెట్టేవారు. తరవాత టీ తాగుతూ పక్కనుంచి వెళ్లిపోవడం నేర్చుకున్నారు.

వాటిని మరుమేనులు అనేవారు. మనిషి బతికుండగా ఒంటికి అతుక్కునే పలచని బనియను వేసుకుంటాడు. ఏ కండ ఎప్పుడు బిగిసింది, ఎంత బిగిసింది, ఎప్పుడు సడలింది అని అందులోని సెన్సర్లు ఏళ్ల తరబడి రాసుకుంటాయి. ఆ రాతకు కండరలిపి అని పేరు. మనిషి పోయాక దాన్ని రబ్బరు కండలూ కార్బన్ ఎముకలూ ఉన్న బొమ్మలోకి ఎక్కిస్తారు. బొమ్మ లేచి ఆ మనిషి పని అందుకుంటుంది. దానికి జ్ఞాపకాలు ఉండవు. రొమ్ములో అమర్చిన స్పీకరు అన్ని బొమ్మలకూ ఒకటే గొంతుతో పలుకుతుంది. మరుమేనుకు పనితనమే గాని మనసు లేదని చట్టంలో కూడా రాశారు.

సన్యాసమ్మ ఆ మాట నమ్మింది. నమ్మింది కాబట్టే, ఆమె భర్త పైడిరాజు మరుమేనును ఆదివారం కుస్తీలో దింపుతామని నిర్వాహకులు అడిగినప్పుడు సరేనంది.

ఆ వారమంతా ఊరికి వేరే మాట లేదు. సముద్రం మీద డ్రోన్లు బారులు తీరి ఆకాశంలో అక్షరాలు వెలిగించేవి: "గండభేరుండం - నల్లత్రాచు. పగ చావలేదు." ట్రాములో ఒకే బెంచీ మీద కూర్చున్న తండ్రీకొడుకులు నీ పక్షమా నా పక్షమా అని కొట్టుకునేంత పని చేశారు. గండభేరుండం అంటే పైడిరాజు. నల్లత్రాచు అంటే దాలినాయుడు. పద్దెనిమిదేళ్లు బరిలో వాళ్లిద్దరూ ఒకరినొకరు చంపుకునేలా పోట్లాడారు. ఒకడు మైకు పట్టుకుని తిడితే, రెండోవాడు కుర్చీ ఎత్తి విసిరేవాడు.

అది ఆటకుస్తీ. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. పడటం, చెమట, దెబ్బ మాత్రం నిజం. ఆట అయ్యాక దాలినాయుడు సన్యాసమ్మ ఇంటికే వచ్చేవాడు. "ఏటి బావా, ఆ గుద్దేటి? నిన్న నీకు మా ఇంట్లో కూడు పెట్టలేదనా?" అనేవాడు పైడిరాజు. ఇద్దరూ ఒకే కంచంలో చేపల పులుసు కలుపుకుని తినేవారు. దాలినాయుడు ఆమెను సెల్లీ అని పిలిచేవాడు.

ఎనిమిదేళ్ల కిందట జరిగిన కుస్తీలో పైడిరాజు గెలవాలి. ఆరేళ్లుగా దాలినాయుడి నడుముకున్న విజేత వెండి నడికట్టు ఆ రోజు చేతులు మారాలి. కాని దాలినాయుడు వేసిన మెడపట్టులోనే పైడిరాజు ప్రాణం పోయింది. "ఆడు నొక్కనేదు సెల్లీ. నొక్కుంటే నానొగ్గీసీవోణ్ణి కానా?" అని ఆమె కాళ్ల దగ్గర పడి ఏడ్చాడు దాలినాయుడు. ఆ తరవాత ఎనిమిదేళ్లు ఆ ఇంటికి అన్నగానే నిలబడ్డాడు. ఈ ఆదివారం పైడిరాజు మరుమేను చేతిలో ఓడిపోయి నడికట్టు దాని నడుముకు తనే కడతానని ముందుకొచ్చిందీ ఆయనే. అప్పటికి ఆయనకు అరవై ఒకటి.

గురువారం పొద్దున్న మరుమేనుల ప్రయోగశాల నుంచి సన్యాసమ్మకు కబురొచ్చింది. ఆమె వెళ్లేసరికి డాక్టర్ నిర్మల్ పాత్రో గడ్డం గీసుకోని ముఖంతో గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మరుమేనును తయారుచేసింది ఆయనే. వెనక గదిలో సాధనకు వాడే మూడు రబ్బరు మనుషుల బొమ్మలు నేల మీద పడి ఉన్నాయి. మూడింటికీ మెడలు వెనక్కి తిరిగి ఉన్నాయి.

"పట్టు అచ్చంగా ఆయనదేనమ్మా. వదలడమే రావడంలేదు," అన్నాడు పాత్రో. "నాలుగు వందల పైచిలుకు కుస్తీలు ఆడారు. ఎప్పుడు వదలాలో ఆయనకెలా తెలిసేది? లిపి అంతా వెతికినా మాకు దొరకలేదు. ఇది తేలకపోతే ఆదివారం దాలినాయుడుగారు బరి నుంచి నడిచి రారు."

మరుమేను గోడ వార నిలబడి ఉంది. ముఖం లేని నున్నటి తల. ఉన్నట్టుండి కుడి చెవి ఉండాల్సిన చోటును భుజానికేసి రుద్దుకుంది.  పెళ్లయిన మర్నాటి నుంచి సన్యాసమ్మ పైడిరాజులో చూసిన అలవాటు అది.

చూపు తిప్పుకుని అడిగింది: "నొక్కు సంగతి మీకెవులూ సెప్పనేదా బాబూ?"

"నొక్కేమిటి?"

"పట్టేసినప్పుడు ఒక సెయ్యి మెడ సుట్టూ ఉంటాది. రెండోది ఎదటోడి సేతిలో ఉంటాది. జనానికి అది మెలిపెట్టినట్టు కనిపిస్తాది గాని లోపల మాటాడుకుంటారు. ఒక్కసారి నొక్కితే, బాగున్నావా అని. తిరిగి ఒక్కసారి నొక్కితే, బాగున్నాను, కానియ్యి అని. రెండుసార్లు నొక్కితే, నిజంగా తగిలింది, ఒగ్గీ, వదిలీ అని."

 పాత్రో తలపట్టుకున్నాడు. "మోచేతి కింద చిన్నచిన్న అదురులు కనిపించాయమ్మా. ప్రతి కుస్తీలోనూ ఉన్నాయి. సెన్సరు చెత్త అనుకుని కడిగి పారేశాం."

"ఆ సెత్తలోనే ఉన్నాది మీరడిగింది," అంది సన్యాసమ్మ.

మొదటి రాత ఇంకా దాచి ఉంది. దాన్ని తీసి మళ్లీ ఎక్కించడానికి ఒక రోజు పట్టింది. శుక్రవారం మధ్యాహ్నం సన్యాసమ్మను మరుమేను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, దాని చెయ్యి ఆమె చేతిలో పెట్టారు. రబ్బరు వెచ్చగా ఉంది. పాత్రో పాత కుస్తీలను ఒక్కొక్కటిగా నడిపించాడు. ఒక నొక్కు. కాస్త ఆగి, ఒక నొక్కు. ఎక్కడో దాలినాయుడి జవాబు రాకపోతే రబ్బరు భుజం దానంతట అదే సడలిపోయేది. పైడిరాజు పక్కన కూర్చుని లోకాభిరామాయణం చెబుతున్నట్టే ఉంది. సన్యాసమ్మకు తెలియకుండానే నవ్వొచ్చింది.

"ఆఖరిది నడపమంటారా? వద్దంటే మానేస్తాను," అన్నాడు పాత్రో.

"నడపండి."

ఆమె అరచేతిలో రెండు నొక్కులు పడ్డాయి.

తనకు తప్పుగా తోచిందేమో అనుకుంది. మళ్లీ రెండు. మళ్లీ రెండు. ఈసారి ఇంకా గట్టిగా. మళ్లీ రెండు, తొందరతొందరగా. ఆమె లెక్కపెట్టదలుచుకోలేదు, అయినా లోపల లెక్క నడిచింది. పదకొండోసారి రెండో నొక్కు సగంలో ఆగిపోయింది. ఆ చెయ్యి ఆమె చేతిలో ఉట్టి వస్తువులా బరువెక్కింది.

పాత్రో తెర మీంచి చూపు ఎత్తలేదు. "ఇంత గట్టిగా నొక్కితే... పట్టుకున్నవాళ్లకి తెలియకుండా ఉంటుందంటారా?"

"నాకేటి తెలుసు బాబూ," అంది సన్యాసమ్మ. గొంతు మామూలుగానే ఉంది.

ఇక మరుమేనుకు నేర్పాలి. ఒకటికి అర్థం, రెండుకు అర్థం ఆమె చెప్పింది, చేతితో చేసి చూపించింది. అది వెంటనే పట్టుకుంది. పాత్రో తెచ్చిన కొత్త రబ్బరు మనిషి రెండుసార్లు నొక్కగానే మరుమేను పట్టు వదిలేసింది. అప్పుడు దాని రొమ్ములోంచి అన్ని బొమ్మలకూ ఉండే ఆ గొంతు వినిపించింది.

"ఒక ప్రశ్న. నేను అడిగినప్పుడు ఏ నొక్కూ రాకపోతే?"

సన్యాసమ్మ దాని నున్నటి ముఖంకేసి చూసింది.

"ఏటీ రాలేదంటే బాగున్నట్టే," అంది.

"రాసుకున్నాను."

బయటికి సాగనంపుతూ పాత్రో అన్నాడు: "మీరు చెప్పిన మాటలు పైపూత లాంటివమ్మా. అడుగున ఉండేది ఆయన లిపే. రెండూ కలిస్తే మంచిదే." సన్యాసమ్మ వినిపించుకోలేదు. కుడి చేతిని చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటూ ట్రాము దాకా నడిచింది.

ఆదివారం మూడింటికి దాలినాయుడు బరి వెనక గదికి వచ్చాడు. మనిషి వడిలిపోయాడు గాని నల్లటి దుస్తుల్లో భుజాలు ఇంకా నిండుగానే ఉన్నాయి. పూర్వం ఇద్దరి చేతులకూ గుడ్డపట్టీలు చుట్టింది సన్యాసమ్మే. మణికట్టు దగ్గర మొదలుపెట్టి, అరచెయ్యి మీదుగా తిప్పి, బొటనవేలి కింద ముడి వేస్తుంది. చివర ఒక్క లాగు లాగితే మొత్తం ఊడొస్తుంది. అలా ముడి వేసేది ఆమె ఒక్కతే.

"ఒచ్చీసినాను సెల్లీ. కట్టు," అని చేతులు చాచాడు. "దానికి నొక్కు నేర్పినావంట గదా?"

"నేర్పినాను అన్నయ్యా."

"ఇంకేటి భయం? మన బావ సేతిలో పడినట్టే." నవ్వాడు. తరవాత కళ్లు తుడుచుకున్నాడు. "ఆ రోజు ఆడు ఒక్కసారి రెండు నొక్కులు నొక్కుంటే సెల్లీ! ఒక్కసారంటే ఒక్కసారి. ఒగ్గీసీవోణ్ణి గదా."

అప్పటిదాకా సన్యాసమ్మ మామూలుగానే చుడుతోంది. ఆ మాట విన్నాక ఆమె చేతులు ఆగలేదు, గుడ్డ ఆగలేదు. అరచెయ్యి దాటింది. వేళ్ల మొదళ్లు దాటింది. ఒక్కొక్క వేలి చుట్టూ, వేలికీ వేలికీ మధ్య, మడత మీద మడత పడింది. రెండో చేతికీ అంతే. ఆఖరున బొటనవేలి కింద ముడి.

దాలినాయుడు చేతులు ఎత్తి చూసుకున్నాడు. "బిగిసిపోయినాయి సెల్లీ. వేళ్లు ముడవట్లేదు."

"సెమట పడితే సడల్తాది అన్నయ్యా. ఎళ్లు, పిలుస్తన్నారు."

బరి చుట్టూ నలభై వేల మంది. మరుమేను రాగానే పైకప్పు అదిరింది. దానికి పైడిరాజు ఎర్ర దుస్తులు వేశారు. రెండు తలల పక్షి వీపు మీద ఉంది. మరుమేను బరి తాళ్లెక్కి చేతులు చాచింది, పైడిరాజు చాచినంత మేర. దాలినాయుడు కింద నుంచి తిట్టాడు. జనం తిట్టారు. పది నిమిషాలు ఎత్తడం, పడెయ్యడం, తాళ్లకేసి కొట్టడం అన్నీ అనుకున్నట్టే నడిచాయి. తరవాత మరుమేను మెడపట్టు వేసింది.

మూల దగ్గర నిలబడిన సన్యాసమ్మకు ఆ రెండు చేతులే కనిపిస్తున్నాయి. రబ్బరు వేళ్లు గుడ్డ చుట్టిన వేళ్లను పట్టుకున్నాయి. ఒక నొక్కు. ఆమెకు తెలుసు, అది అడుగుతోంది. దాలినాయుడి ముఖం ఎర్రబడి, నల్లబడింది. కాళ్లు నేలను తన్నాయి. చెయ్యి మాత్రం కట్టె ముక్కలా ఉంది. మరుమేను మళ్లీ అడిగింది. జవాబు లేదు.

"ఇరిసెయ్! ఇరిసెయ్!" అని నలభై వేల గొంతులు. అందులో ఒక గొంతు మరీ దగ్గర్లో వినిపిస్తోంది. ఎవరా అని సన్యాసమ్మ పక్కకు తిరిగింది. ఎవరూ లేరు. నోరు తెరుచుకుని ఉన్నది తనదే.

మరుమేను కుడి చెవి చోటును భుజానికేసి రుద్దుకుంది. తరవాత పట్టు వదిలేసింది.

దాలినాయుడు బోర్లా పడి గాలి పీల్చాడు. ఆ శబ్దం మైకుల్లో ఈలలా వినిపించింది. జనం కోపంతో అరిచారు. మరుమేను వాళ్లను పట్టించుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఆయన చెయ్యి ఎత్తింది, బొటనవేలి కింద తడిమింది. ముడి దొరికింది. ఒక్క లాగు లాగింది. గుడ్డ మొత్తం ఊడొచ్చింది. దాలినాయుడు తన విప్పారిన వేళ్లను చూసుకున్నాడు. తరవాత మెల్లగా మూలలో ఉన్న సన్యాసమ్మకేసి చూశాడు. ఆయన కళ్లలో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. వెంటనే తల దించుకున్నాడు.

మరుమేను లేచి గుడ్డ పట్టుకుని మూలకు వచ్చింది. ఆట అయ్యాక పైడిరాజు ఎప్పుడూ వచ్చినట్టే, తాళ్ల మీంచి చెయ్యి చాచింది. రొమ్ములోని స్పీకరు ఏమీ పలకలేదు. సన్యాసమ్మ చెయ్యి దానంతట అదే వెళ్లి ఆ చెయ్యి అందుకుంది.

రెండు నొక్కులు.

పాత రాత మళ్లీ తిరుగుతోందా, తనను వదలమని అడుగుతోందా, ఆమెకు తెలియలేదు. మళ్లీ రెండు. పైడిరాజుదంటూ ఆమె చేతికి అందినది ఆ చెయ్యి ఒక్కటే. చుట్టూ కేకలు హోరెత్తుతున్నాయి. మళ్లీ రెండు.

వేళ్లు విప్పాలని ఆమెకు తెలుసు. అవి ఇంకా బిగిశాయి.