ఆపరేషన్ కంటిరెప్ప

ఫైల్లో మొదటి కాగితం మీద నాలుగు లైన్లు చదివి, తాళంచెవి దాన్ని బోర్లించి పెట్టాడు.

తాళంచెవి అంటే మనిషే. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ పిలిచే పేరు అది. తెరవలేని తాళమంటూ ఇంతవరకు అతనికి ఎదురు కాలేదు. మంత్రుల ప్రేమలేఖలు, జనరల్స్ దొంగ ఖాతాలు, దౌత్యవేత్తల పడకగది కబుర్లు అన్నీ చదివిన ఘనుడు. ఏనాడూ మొహం చిట్లించలేదు. అలాంటివాడికి ఈ నాలుగు లైన్లు చదివాక చేతులు కడుక్కోవాలనిపించింది. పదో తరగతి పిల్ల ఒకతి, చనిపోయిన తల్లికి రాసుకున్న ఉత్తరం అది.

"పూర్తిగా చదువు," అన్నాడు పెద్దాయన. డిపార్ట్‌మెంట్‌కు ఆయనే చీఫ్.

"చాలు సార్. సంగతి చెప్పండి."

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పుడూ టెలిగ్రాంలా ఉంటుంది. టార్గెట్, ఆ పిల్ల తండ్రి. సైన్యం సందేశాలకు కోడ్ తయారుచేసే ఇంజనీర్. శత్రువు, దిగుమతుల కంపెనీ ముసుగులో పనిచేస్తున్న విదేశీ ముఠా. ఆయుధం, ఈ ఉత్తరాలు. ముఠా ఆ పిల్లకు ఒక పెన్‌డ్రైవ్ చేరవేసింది. దాన్ని తండ్రి కంప్యూటర్‌కు పెట్టాలి. పెట్టకపోతే శుక్రవారం అసెంబ్లీలో, స్కూలంతా చూస్తుండగా, ఆ ఉత్తరాలు పెద్ద స్క్రీన్ మీదికి ఎక్కుతాయి. ఆ బెదిరింపు మెసేజ్, నమూనాగా జతచేసిన ఒక ఉత్తరం డిపార్ట్‌మెంట్ చేతికి చిక్కాయి.

అసలు ఉత్తరాలు బయటికి ఎలా వచ్చాయన్నదే రోత పుట్టించే భాగం. పిల్లలకిచ్చిన ల్యాప్‌టాప్‌లలో స్కూలువాళ్ళు 'కంటిరెప్ప' అని ఒక సాఫ్ట్‌వేర్ పెట్టించారు. పిల్లల్ని కంటికి రెప్పలా కాపాడుతుందట. వెతికింది, చూసింది, టైప్ చేసింది, చేసి తుడిచేసింది, అన్నీ దాచిపెడుతుంది. ఇంట్లో ఉన్నా, సెలవుల్లో ఉన్నా వదలదు, కెమెరాలోంచి కూడా చూస్తుంది. అడ్మిషన్ కాగితాల్లో ఏదో మూల అమ్మానాన్నలు సంతకం పెట్టేశారు కనుక అడిగే దిక్కు లేదు. రెప్ప అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మూసుకోవాలి. ఇది మూసుకునే రకం కాదు.

"లోపలి మనిషిని పట్టుకో. అందాకా పిల్లను కదపకు, లోపలివాళ్ళు జాగ్రత్త పడతారు. సర్వర్‌లో ఉన్నదంతా కాపీ చేసుకురా. ఏదీ చెరపకు."

"పిల్లల రాతలు మనకెందుకు సార్?"

"నువ్వు ప్రశ్నలడగడం ఎప్పటినుంచి?"

కింది అంతస్తులో మెకానిక్ బాబాయి ఒక స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టాడు. పిడి లాగితే లోపల సర్వర్‌కు పెట్టే పిన్ను, చివర ఒక బటన్.

"ఒకసారి నొక్కితే నకలు. వెంటనే రెండోసారి నొక్కితే నకలుతో సహా అంతా బూడిద. చూసి నొక్కు నాయనా, నీ బొటనవేలు అసలే మొద్దు."

గురువారం తాళంచెవి జిగురు మీసం, బూడిదరంగు యూనిఫాం వేసుకుని ల్యాప్‌టాప్‌లు బాగుచేసేవాడిగా స్కూల్లో దిగాడు. పాత ఆటసామాన్ల గదిలో, గాలిపోయిన బంతుల మధ్య, అతనికి ఒక బల్ల ఇచ్చారు. పక్కన తాళం వేసిన అద్దాల గదిలో సర్వర్. ఏసీ నుంచి కారే నీళ్ళకు కింద ఒక బకెట్.

ప్రిన్సిపాల్ అతనికి ఒక పని అప్పగించాడు. పిల్లలు కెమెరాల మీద అంటించుకున్నవన్నీ గీకెయ్యాలి. ఒకరు ప్లాస్టర్, ఒకరు బొమ్మల స్టిక్కర్, ఇంకొకరు నమిలిన చూయింగ్ గమ్. స్టిక్కర్ దొరికితే మర్నాడు పేరెంట్స్‌ని తీసుకురావాలని రూలు. దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళకు భయమెందుకని ప్రిన్సిపాల్ ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. మధ్యలో ఫోన్ మోగితే గబగబా తన గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని మాట్లాడాడు.

మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చింది. ఫైల్లో ఫోటో ఉంది కనుక వెంటనే గుర్తుపట్టాడు. ఒక చేత్తో ల్యాప్‌టాప్ ఇచ్చింది. రెండో చెయ్యి జేబులోంచి తియ్యలేదు. ఆ జేబులో ఏముందో అతనికి తెలుసు.

"తుడిచేసింది కూడా వాళ్ళకు కనబడుతుందా అంకుల్?"

అబద్ధాలు చెప్పడం అతని వృత్తి. ఈసారి మాత్రం నిజమే చెప్పాడు. కనబడుతుందన్నాడు.

"అది ఎవరికీ రాసింది కాదు," అంది. అతని మొహంలో ఏం కనిపెట్టిందో, గొంతు తగ్గించి అడిగింది. "మీరూ చదివారా?"

"నాలుగు లైన్లు. చదవకుండా ఉండాల్సింది."

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తేనే బాగుండేదనిపించింది అతనికి. పెద్దాయన కదపొద్దన్న సంగతి పక్కన పెట్టి, జేబులో ఉన్నది జేబులోనే ఉండనివ్వమన్నాడు. రేపటి సంగతి తను చూసుకుంటానన్నాడు. మీరెవరని అడిగితే, రిపేరు చేసేవాణ్ణని చెప్పాడు.

శుక్రవారం పొద్దున్నే టీచర్ల ల్యాప్‌టాప్‌లు బల్ల మీదికి వచ్చాయి. వాటిలోనూ కంటిరెప్ప ఉంది, కానీ దేనికీ స్టిక్కర్ లేదు. కెమెరా పాఠాలప్పుడే పనిచేస్తుందన్న సర్క్యులర్‌ను పాపం వాళ్ళు నమ్మారు. చిట్టచివరి దానికి మాత్రం, కెమెరా మీద కొలిచి కత్తిరించినట్టు నల్లటి టేపు ముక్క ఉంది. పక్కన లైటు వెలగకపోయినా కెమెరా చూస్తుందని ఎవరికి తెలుస్తుంది? చూసేవాళ్ళకే. ల్యాప్‌టాప్ మీది చీటీ చదివాడు. కౌన్సిలర్.

పిల్లల కష్టాలు వినే కౌన్సిలర్ మేడమ్ గదికి ల్యాప్‌టాప్, స్క్రీన్లు తుడిచే స్ప్రే పట్టుకుని వెళ్ళాడు. అక్కడ మెత్తటి సోఫా, టిష్యూల డబ్బా, గోడ మీద 'ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది' అని పోస్టర్. మేడమ్‌ను చూస్తే ఎవరైనా రెండోసారి చూడాల్సిందే. ఆ నవ్వుకు తమ గుండెలో ఉన్నదంతా ఒలకబోసిన పిల్లలు ఎంతమందో.

ఆమె తాపీగా లిప్‌స్టిక్ తీసింది. "మీ ఊళ్ళో గడియారాలు ఆలస్యంగా నడుస్తాయటగా?"

అది డిపార్ట్‌మెంట్ మనుషులు ఒకరినొకరు గుర్తుపట్టే కోడ్. జవాబు అతని నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది. "నడవడమే గొప్ప."

మేడమ్ నవ్వింది. ఆ తర్వాత చెప్పినదంతా వాతావరణం గురించి మాట్లాడినట్టే చెప్పింది. కంటిరెప్పను పెట్టించింది పెద్దాయనే. పెద్ద ఉద్యోగుల పిల్లలంతా ఇక్కడే చదువుతారు. ఇంట్లో తండ్రి ఏం అన్నాడో, తల్లి ఎందుకు అలిగిందో పిల్లలే టైప్ చేస్తారు. ఆమె చదివి, పనికొచ్చేది ఏరి, పెద్దాయనకు పంపుతుంది.

"ఆయనకు తెలియకుండా ముఠాకు కూడా పంపావు."

"ఒకసారి వండింది ఇద్దరికి వడ్డించాను. అంతేగా. వాళ్ళకు ఇచ్చింది ఒక్క నమూనానే, మిగతాదంతా సర్వర్‌లోనే ఉంది. సరుకు నా దగ్గరుంటేనే కదా బేరం."

"అది తల్లి లేని పిల్ల."

"అందుకే అంత బాగా రాసింది."

జీవితంలో చాలామంది నీచుల్ని చూశాడు. వాళ్ళు కనీసం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. ఆమె లిప్‌స్టిక్ మూత తిప్పింది. ఎర్రరంగుకు బదులు సన్నటి పిస్టల్ గొట్టం బయటికి వచ్చింది. అసెంబ్లీ మొదలైందనీ, ఆ పిల్ల తన మాట వినలేదు కనుక స్క్రీన్ తనంతట తానే వెలుగుతుందనీ, అంతవరకు సోఫాలో కూర్చోమనీ చెప్పింది.

అతని చేతిలో స్క్రీన్లు తుడిచే స్ప్రే ఇంకా అలాగే ఉంది. ఆమె కళ్ళలోకి కొట్టి, పిస్టల్ లాక్కుని, బయటికి దూకి గది తాళం తిప్పాడు. తాళాలు తెరిచేవాడికి వెయ్యడం రాకుండా పోతుందా.

సర్వర్ గదిలో ఒక చిన్న మానిటర్ ఉంది. అసెంబ్లీ హాలు, అక్కడి పెద్ద స్క్రీన్ అందులో కనబడుతున్నాయి. పిల్లలంతా వరసల్లో కూర్చున్నారు. స్క్రీన్ తెల్లబడి, అక్షరాలు ఒక్కొక్కటే పడసాగాయి. కంటిరెప్ప దాచింది ఉత్తరాన్ని ఒక్కదాన్నే కాదు. ఆ పిల్ల వేళ్ళు ఎలా ఆగాయో, ఎలా తడబడ్డాయో అది కూడా దాచింది.

అమ్మా, నేను

అక్షరాలు వెనక్కి తుడుచుకుపోయాయి. మళ్ళీ మొదలయ్యాయి.

అమ్మా,

స్క్రూడ్రైవర్ పిన్ను సర్వర్‌లో దిగింది. బటన్ ఒకసారి నొక్కాడు. రెండోసారి నొక్కడానికి ఆలోచించాల్సి వస్తుందనుకున్నాడు. రాలేదు.

స్క్రీన్ నల్లబడింది. సర్వర్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. దాంతోపాటు స్కూల్లోని పిల్లలందరి దొంగచాటు ప్రేమలు, భయాలు, బూతులు, ప్రార్థనలు బూడిదయ్యాయి. సాంకేతిక లోపమని ప్రిన్సిపాల్ మైకులో క్షమాపణ చెప్పాడు. కాసేపటికి లాండ్రీ వ్యానులో వచ్చిన డిపార్ట్‌మెంట్ మనుషులు మేడమ్‌ను తీసుకుపోయారు.

అతను సామాన్లు సర్దుకుంటుంటే ఆ పిల్ల వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టెలో వేసింది.

"రాత్రే నాన్నకు చెప్పేశాను. ఎలాగూ అందరూ చూస్తారు కదా, ముందు నువ్వు చదువుకోమని ఉత్తరాలు ఇవ్వబోయాను."

"ఏమన్నారు?"

"అమ్మకు రాసినవి అమ్మే చదవాలి, నాకెందుకు అన్నాడు."

తాళంచెవి పెట్టె మూత వేయడానికి కాస్త ఆలస్యమైంది. దేశం రహస్యాలన్నీ కాపాడే మనిషి ఎవరో అతనికి ఆ రోజు తెలిసింది.

సాయంత్రం పెద్దాయన ముందు స్క్రూడ్రైవర్ పెట్టాడు. కాపీ ఏదని పెద్దాయన అడిగాడు.

"బూడిద సార్. బొటనవేలు మొద్దు."

పెద్దాయన మొహం ఎర్రబడింది. దేశభద్రత గురించి చాలాసేపు మాట్లాడాడు. తప్పు చెయ్యనివాళ్ళు దేనికి భయపడాలన్నాడు. తాళంచెవి వింటున్నట్టే నిలబడి, బల్ల మీద తెరిచి ఉన్న ఆయన ల్యాప్‌టాప్ వైపు చూశాడు. కెమెరా మీద చిన్న నల్లటి టేపు ముక్క, కొలిచి కత్తిరించినట్టు ఉంది.

రెండు రోజుల అలవాటు కదా, వంగి గోటితో గీకేశాడు.

"రూలు ప్రకారం రేపు మీ పేరెంట్స్‌ని తీసుకురావాలి సార్," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.