హెడ్డుగారింటి వరండా లైటు

"ఇంకో యూనిఫాం ఈ ఇంటి తీగ మీద ఆరడానికి వీల్లేదు! నేను బతికుండగా వీల్లేదంతే!"

ఆ మాట అంటూనే హెడ్డుగారమ్మ, కూతురు సంచిలో పెట్టిన తువ్వాలు తీసి మంచం మీదికి విసిరింది. కూతురు నోరెత్తకుండా దాన్ని మడతపెట్టి మళ్ళీ సంచిలో పెట్టింది. ఈసారి తల్లి తువ్వాలుతో పాటు సబ్బుపెట్టె కూడా తీసేసింది. కూతురు రెండూ సర్ది, వాటి మీద కాన్వాసు బూట్లు కుక్కింది. మధ్యాహ్నం నుంచి హాలు మధ్యలో ఇదే తంతు! ఆ సంచి నిండిందీ లేదు, ఖాళీ అయిందీ లేదు...

వీధంతా ఆమె భర్తని హెడ్డుగారు అనేది కాబట్టి ఆమె హెడ్డుగారమ్మ అయింది. హెడ్ కానిస్టేబులుగా చేసి ఆయన రిటైరై ఏడాది దాటినా ఆ పిలుపులు మాత్రం రిటైరు కాలేదు. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. పెద్దాడు ఏదో కంపెనీలో పని చేస్తూ, ఆ పనంతా ఇంట్లో తన గదిలోనే కూర్చుని చేస్తాడు. చిన్నది, తండ్రి ముద్దుగా 'గడుగ్గాయి' అని పిలుచుకునే పిల్ల, ఎస్సై ఉద్యోగానికి ఎంపికైంది. తెల్లవారితే ట్రైనింగుకి బస్సెక్కాలి. సరిగ్గా ఆ వారంలోనే ఒక పెద్ద లారీల కంపెనీవాళ్ళు కూడా ఆ పిల్లని రమ్మన్నారు. ఏ లారీ ఎక్కడుందో తెర మీద చూస్తూ కూర్చునే పని. చల్లటి గది, మంచి జీతం, పొద్దున్న ఇంటి ముందు ఎక్కించుకుని సాయంత్రం ఇంటి ముందు దింపే కారు! ఏ సంగతో ఈ రాత్రిలోగా చెప్పమన్నారు.

"తెర మీద లారీల్ని చూసుకుంటూ కూర్చోవే తల్లీ! ఆ లారీలు నీ మీద రాళ్ళు రువ్వవు. నిన్ను తిట్టవు. పండక్కి సెలవివ్వమని బతిమాలుకునే పని లేదు!"

"లారీలు మాట్లాడవు కూడా కదమ్మా!"

"నువ్వు మాట్లాడే మాటలు చాలవూ? వాటితో కూడా మాట్లాడాలా?" అంది తల్లి. అంతలోనే భర్త వైపు తిరిగింది. "ఏమండీ! మీరైనా చెప్పరేం? ఆ పేపరులోంచి తల ఎత్తండి కాస్త!"

పడక్కుర్చీలోని హెడ్డుగారు పేపరు ఇంకాస్త పైకి ఎత్తారు. "నేను జీవితంలో చాలా గొడవల మధ్యకి వెళ్ళాను గానీ, తల్లీకూతుళ్ళ మధ్యకి ఎప్పుడూ వెళ్ళలేదు. నాకు లాఠీ కూడా లేదిప్పుడు."

కూతురు కిసుక్కున నవ్వింది. హెడ్డుగారమ్మకి మాత్రం కళ్ళు చెమర్చాయి. ఈ మనిషికి అన్నీ నవ్వులాటే! కానీ ఆవిడ పడిన ఎదురుచూపులు ఎవరికి తెలుసు? ఈ పిల్ల పుట్టిన రోజున ఈయన ఎక్కడున్నాడు? ఎవరో పెద్దమనిషి ఊరేగింపు వెళుతుంటే జనం మీద పడకుండా తాడు పట్టుకుని నిలబడ్డాడు! పిల్ల మొహం చూడ్డానికి వచ్చేసరికి కాళ్ళు వాచి, మీసం మీద దుమ్ము పేరుకుని ఉంది. పెద్దాడికి జ్వరం వస్తే బందోబస్తు, మామగారు పోతే బందోబస్తు... ఆయన గడప దాటిన ప్రతిసారీ వీపు కనుమరుగయ్యే దాకా చూసి, ఇదే ఆఖరి చూపేమోనని గుండె చిక్కబట్టుకుని లోపలికి వచ్చేది ఆవిడ. కొందరు మనుషులు దేనికైనా అలవాటు పడతారు, కానీ పంపించడానికి మాత్రం ఆవిడ ఏనాడూ అలవాటు పడలేదు. ఏడాదిగా ఇప్పుడిప్పుడే గుండె కుదుటపడుతుంటే, మళ్ళీ కూతురి వీపు చూడమంటున్నావా దేవుడా!

ఇంతలో వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. లోపలి గది తలుపు సందులోంచి పెద్దాడి తల బయటికి వచ్చింది, నెత్తి మీద హెడ్‌ఫోన్లతో సహా.

"అమ్మా! మీటింగు! మొన్ననే మా మేనేజరు మీ ఇంట్లోంచి రైలు వెళుతుందా అని అడిగాడు!"

"చూశావా వాణ్ని!" అని తల్లి వెంటనే అందుకుంది. "ఎండ తగలదు, వాన తగలదు. పిలిస్తే పలికే దూరంలో ఉంటాడు!"

"పిలిస్తే పలుకుతాడా?" అంది కూతురు. "నిన్న అన్నానికి నువ్వు ఫోన్ చేసి పిలిచావు, పక్క గదిలోకి!"

పెద్దాడు నవ్వాడు. "నన్ను మధ్యలోకి లాగకండి. నా పని నాకిష్టం. నాన్నని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలంటే చెప్పి లేచిపోతాను. నాన్న ఉద్యోగంలో అది కుదిరేదా? అలాగని అంతా పూలబాటా కాదు. పాత కంపెనీ మూసేసిన రోజున భోజనానికి లేచి వచ్చేసరికి ఉద్యోగం లేదు. తిరిగెళ్ళి చూస్తే తెర కూడా తెరుచుకోలేదు... సరే, వాళ్ళు పిలుస్తున్నారు!" తల మాయమైంది.

కూతురు సంచి పక్కనే చతికిలబడింది. "అమ్మా, చిన్నప్పుడు నాన్నకి కారేజీ ఇవ్వడానికి నన్ను స్టేషనుకి పంపేదానివి, గుర్తుందా? బల్ల మీద కూర్చుని అందర్నీ చూసేదాన్ని. ఏడుస్తూ వచ్చేవాళ్ళు. నాన్న మంచినీళ్ళిచ్చి, ముందు కూర్చోండి అనేవాడు. పని అయినా కాకపోయినా, వెళ్ళేటప్పుడు ఆ ఏడుపు సగం తగ్గేది. ఆ కుర్చీలో నేను కూర్చోవాలని అప్పుడే అనుకున్నానమ్మా."

"ఆ ఏడ్చేవాళ్ళందరికీ నీళ్ళిచ్చాడు మీ నాన్న. ఇంట్లో ఏడ్చేదానికి ఎవరిచ్చారే?"

పేపరు మెల్లగా కిందికి దిగింది.

బయట చీకటి పడుతోంది. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో పెట్రోలింగ్ జీపు పొట్టిగా ఒక్క హారన్ కొట్టింది.

అది ఈ ఇంటి పాత అలవాటు. హెడ్డుగారు పెట్రోలింగులో ఉన్నన్నాళ్ళూ, జీపు మలుపు తిరిగేటప్పుడు ఒక్క హారన్. వినగానే ఈవిడ వరండా లైటు ఒకసారి ఆర్పి మళ్ళీ వేసేది. ఆయన క్షేమంగా ఉన్నాడని ఆవిడకి అదే కబురు. ఆయన రిటైరయ్యాక కూడా జీపు అక్కడ హారన్ కొడుతూనే ఉంది. మలుపు కదా, కొడతారు అనుకుంది ఆవిడ. చెయ్యి మాత్రం ఊరుకోదే! భర్త పక్కనే కూర్చుని పల్లీలు నములుతున్నా సరే, లేచి వెళ్ళి లైటు ఆర్పి మళ్ళీ వేస్తూనే ఉంది. "నేనిక్కడే ఉన్నానోయ్!" అని ఆయన రోజూ ఏడిపిస్తూనే ఉన్నారు.

ఆ వేళ కూడా ఆవిడ చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళింది. వెళ్ళి, ఆగిపోయింది. చటుక్కున చేతిని కొంగులో చుట్టేసుకుంది.

"వెయ్యను! ఇవాళ్టినుంచి నాకూ పోలీసులకీ ఏ సంబంధమూ లేదు!"

జీపు చప్పుడు దూరమైంది... దూరమై, ఆగింది. ఆ వెంటనే కీచుమంటూ వెనక్కి రాసాగింది. గేటు దభాలున తెరుచుకుంది. బూట్ల చప్పుడు! టార్చిలైటు వెలుగు గోడల మీద పరుగెత్తింది.

"వదినా! హెడ్డుగారూ! ఏమైంది?" అని అరుస్తూ జీపు డ్రైవరు లాఠీతో సహా హాల్లోకి వచ్చిపడ్డాడు. హెడ్డుగారితో ఏళ్ళ తరబడి జీపు నడిపిన మనిషి. వెనకే వచ్చిన లేడీ కానిస్టేబులు తిన్నగా లోపలి గదిలోకి దూసుకుపోయింది. మరుక్షణం లోపల్నించి ఒక గావుకేక!

"ఎవడ్రా నువ్వు? చెవులకి ఏంట్రా అది? చేతులెత్తు!"

"నేను ఈ ఇంటివాణ్ణేనండీ! మీటింగులో ఉన్నాను!"

చేతులు రెండూ పైకెత్తి పెద్దాడు బయటికి వచ్చాడు. హెడ్‌ఫోన్లలోంచి వాళ్ళ మేనేజరు "హలో? హలో? పోలీసులా?" అని అరుస్తుండటం అందరికీ వినబడింది.

కూతురు నవ్వు ఆపుకోలేక కింద కూలబడింది. హెడ్డుగారికి నవ్వుతో దగ్గొచ్చింది. హెడ్డుగారమ్మ మాత్రం బిత్తరపోయి నిలబడింది. "ఏంటయ్యా ఇది? ఎందుకొచ్చారు?"

"లైటు సైగ రాలేదు వదినా!" అన్నాడు డ్రైవరు, ఇంకా రొప్పుతూనే.

"రాకపోతే?"

"రాకపోతే దిగి చూడాలి. హెడ్డుగారి ఆర్డరు. ఆయన రిటైరయ్యాడు గానీ ఆర్డరు రిటైరు కాలేదు. అంతకుముందు లైటు రానిది ఒక్కసారే కదా... నువ్వు జ్వరంతో వంటింట్లో పడిపోయిన రోజున. ఆ రోజు జీపు నడిపింది నేనే!"

హెడ్డుగారమ్మ తల తిప్పి భర్త వైపు చూసింది. ఆ రోజు ఆయన ఏదో మరిచిపోయి ఇంటికి వచ్చి, తనని చూశాడనే ఇన్నాళ్ళూ అనుకుంది.

కానిస్టేబులు టార్చి ఆర్పి, సిగ్గుగా అంది: "కొత్తగా వచ్చినప్పుడు నాకు ఈ గస్తీ బీటు అప్పజెబుతూ చెప్పారమ్మా. బ్యాంకు తాళం చూడాలి, బడి గేటు చూడాలి, హెడ్డుగారింటి లైటు చూడాలి అని. మీ మొహం ఇప్పుడే చూడటం. కానీ మీ లైటు ఆరి వెలిగితే, ఈ వీధి బాగుంది, పద అనుకుంటాం."

హెడ్డుగారు కుర్చీలోంచి లేచారు. ఎంతో మంది ముందు నిటారుగా నిలబడిన మనిషి, భార్య ముందు కాస్త వంగినట్టు నిలబడ్డారు. "ఆ హారను నేను బాగున్నానని చెప్పడానికి కాదోయ్... నువ్వు బాగున్నావో లేదో కనుక్కుందామని. అందరి ఇళ్ళూ కాపలా కాస్తూ నా ఇంటి ముందు నుంచే వెళ్ళిపోయేవాణ్ని. ఆ లైటు చూడకపోతే నాకు ముందుకి కాలు పడేది కాదు. నా ఉద్యోగంలో సగం నువ్వే చేశావు. చెప్పడం చేతకాలేదు నాకు."

హెడ్డుగారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎన్నేళ్ళ కన్నీళ్ళో అవి! తనొక్కతే చీకట్లోకి చూస్తూ కూర్చుందనుకుంది... ఆ చీకట్లోంచి కూడా రోజూ ఎవరో తనకేసి చూస్తూనే ఉన్నారన్నమాట!

పెద్దాడు చేతులు దించి అన్నాడు: "మా ఆఫీసులోనూ పేరు పక్కన పచ్చ చుక్క ఒకటి వెలుగుతుందమ్మా. అది ఆరితే పని ఏమైందని అడుగుతారు. నీకేమైందని ఇలా కాలరు పట్టుకుని మాత్రం అడగరు!"

అందరూ గొల్లుమన్నారు. ఏడుపులోంచే ఆవిడకీ నవ్వొచ్చింది. టీ పెట్టింది. గ్లాసు అందిస్తూ కానిస్టేబుల్ని అడిగింది: "మీ అమ్మ ఏమంటుందమ్మా, నీ ఉద్యోగం గురించి?"

"రోజూ తిడుతుందమ్మా. తిడుతూనే కారేజీ కడుతుంది."

వాళ్ళు వెళ్ళాక కూతురు దగ్గరికొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు ఆ గొంతులో గడుసుదనం లేదు. "అమ్మా, నీ మనసు కష్టపెట్టి నేను వెళ్ళలేను. వద్దని చెప్పు, ఆగిపోతాను. నిజంగానే చెబుతున్నా. లారీల కంపెనీకి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

హెడ్డుగారమ్మ వెళ్ళి సంచి ముందు కూర్చుంది. వంగి, పైనున్న కాన్వాసు బూట్లు రెండూ బయటికి తీసేసింది. కూతురి మొహం వాడిపోయింది. ఫోన్ తీసుకుంది... హెడ్డుగారు కళ్ళు దించుకున్నారు.

"పేపరు ఇలా ఇవ్వండి!" అని తల్లి ఆయన చేతిలోది లాక్కుని, ఆ బూట్లని శుభ్రంగా చుట్టి సంచి అడుగున పెట్టింది. "ఉతికిన బట్టల మీద బూట్లు పెడతారటే ఎవరైనా? ఇంత బుద్ధి లేనిదానివి, రేపు స్టేషను ఏం సర్దుతావే నువ్వు!"

"అమ్మా!" అంటూ పిల్ల తల్లి మెడకి చుట్టుకుపోయింది.

"వదులు, ఊపిరాడటం లేదు... విను. నువ్వు ఏ ఊళ్ళో జీపెక్కినా, మలుపుల్లో హారన్ కొట్టు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకావిడ లైటు వేస్తుంది. వెయ్యకపోతే..."

"దిగి చూస్తానమ్మా."

మర్నాడు బస్సు దగ్గర ఏడవకూడదని ఒట్టు పెట్టుకుంది ఆవిడ. ఒట్టు నిలవలేదనుకోండి! అయినా ఈసారి వీపు కనుమరుగయ్యే దాకా చూస్తూ నిలబడలేదు. పిల్ల కిటికీలోంచి చెయ్యూపుతుంటే, తనే ముందుగా వెనక్కి తిరిగి, "పదండి, సాయంత్రం మనకీ డ్యూటీ ఉంది" అంది.

సాయంకాలమైంది. ఇల్లు బోసిగా ఉంది. మలుపులో హారన్ మోగింది. హెడ్డుగారమ్మ వంటింట్లోంచి పరుగెత్తింది. ఆవిడ ఇవాళ ఎక్కడ డీలా పడుతుందోనని హెడ్డుగారు కుర్చీలోంచి లేచారు. అమ్మ ఏడుస్తూ కూర్చుని ఉంటుందని పెద్దాడు మీటింగు మధ్యలోంచి లేచొచ్చాడు. మూడు చేతులూ ఒకేసారి స్విచ్చి మీద పడ్డాయి. వరండా లైటు ఆరింది, వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది...

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుండగానే, వీధి చివర జీపు కీచుమంటూ వెనక్కి రావడం మొదలుపెట్టింది.