ఎడమ చేతి సిగ్నల్

పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాం. పదకొండయ్యేసరికి ఆమె నన్ను నాలుగుసార్లు ఓవర్‌టేక్ చేసింది. దాటినప్పుడల్లా కాస్త ముందు ఆగి, నన్ను పోనిచ్చి మళ్ళీ నా వెనకే వచ్చేది. నాలుగోసారి హారన్ కూడా కొట్టింది.

ఆమె డ్రైవింగ్ స్కూల్లో టీచరు. అన్నయ్యకు బదిలీ కాకముందు మా వదినకు కారు నేర్పింది. "మా చిన్నముల్లుకి నువ్వే సరిజోడు" అని సంబంధం కలపబోయింది కూడా వదినే. నేను గడియారాలు బాగుచేస్తాను కాబట్టి ఇంట్లో నా పేరు చిన్నముల్లు. టీచరు మాత్రం ఒక షరతు పెట్టింది. ఎవరి బైకు మీద వాళ్ళం మూడువందల కిలోమీటర్లు నడుపుకుంటూ వదిన ఇంటికి చేరాలి. ఆ గుమ్మంలోనే ఇద్దరం అవునో కాదో తేల్చి చెప్పేయాలి.

"బండి నడిపే తీరు చూస్తే మనిషి తెలిసిపోతాడు" అంది.

నా జవాబు అవునని ముందే ఖాయమైపోయింది. ఆమె జడను జాకెట్ లోపలికి తోసుకుని హెల్మెట్ పెట్టుకున్నప్పుడే పడిపోయాను. ఆమె కూడా అవునంటుందని గట్టి నమ్మకం. నాకు వంక పెట్టడానికి ఏముంది గనక?

చలి మాత్రం మామూలుగా లేదు. పొగమంచులో రోడ్డు యాభై అడుగులు కనిపిస్తే గొప్ప. గ్లవ్స్ ఉన్నా వేళ్ళు కొయ్యబారిపోయాయి.

నాలుగోసారి దాటాక ఆమె టీ కొట్టు ముందు బండి ఆపింది. నేను దిగేలోపే హెల్మెట్ తీసింది. ముక్కు ఎర్రగా ఉంది. చలికో, కోపానికో తెలియలేదు.

"నేను వెనకుంటే అంత ఇబ్బందా మీకు?"

"నాకేం ఇబ్బంది? రయ్యిమని దాటిపోతున్నది మీరు కదా!"

"మీరు పొమ్మంటేనే పోయాను."

"నేనెప్పుడు పొమ్మన్నాను?"

"నాలుగుసార్లు! ఎడమ చెయ్యి కిందికి దించి ఊపారు. అలా ఊపితే 'నన్ను దాటి ముందుకెళ్ళు' అని అర్థం. తొమ్మిదేళ్ళుగా అదే పాఠం చెబుతున్నాను, నాకు తెలీదా? మొదటిసారి మర్యాద అనుకున్నాను. నాలుగోసారికి అర్థమైంది, వదిలించుకుంటున్నారని. ఇంక గుమ్మం దాకా ఎందుకు? కాదని ఇక్కడే చెప్పేయండి, వెనక్కి వెళ్ళిపోతాను."

నా గట్టి నమ్మకం కాస్త కదిలింది.

"అయ్యో, అది సిగ్నల్ కాదండీ బాబూ! తిమ్మిరెక్కి వేళ్ళు విదిలించుకుంటున్నాను. ఈ వేళ్ళతో ఆవగింజంత స్క్రూలు పట్టుకోవాలి. వీటికేమన్నా అయితే షాపు మూసుకోవాల్సిందే."

"మరి కుడిచెయ్యి?"

"అది యాక్సిలరేటర్ వదలకూడదుగా. దాని బాధ అది పడుతోంది."

ఆమె నా గ్లవ్ లాగి చూసింది. వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కొట్లో రెండు బన్ను ప్యాకెట్లు కొని, బన్నులు ప్లేట్లో పెట్టి, ఖాళీ కవర్లు నా చేతులకు తొడిగింది.

"వీటి మీద గ్లవ్స్ వేసుకోండి, గాలి దూరదు. ముందే చెప్పొచ్చుగా?"

"చలికి తట్టుకోలేనివాడని అనుకుంటారేమోనని."

ఆమె నవ్వేసింది. నాకు ధైర్యం వచ్చేసింది.

"పెద్దముల్లు చిన్నముల్లును ఎన్నిసార్లు దాటిపోయినా మళ్ళీ వచ్చి కలవాల్సిందేగా, టీచరుగారూ."

"ఈ డైలాగు ఎన్ని గడియారాల ముందు ప్రాక్టీస్ చేశారు?"

ఇరవై గడియారాల ముందు. పైకి మాత్రం "ఇప్పుడే తట్టింది" అన్నాను.

బన్ను కవర్లు బ్రహ్మాండంగా పనిచేశాయి. దారంతా వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. అద్దంలో ఆమె హెడ్‌లైటు నన్ను వదలకుండా వచ్చింది. ఊరు దగ్గరపడ్డాక, రోడ్డు ఖాళీగా ఉన్నచోట, ఎడమ చెయ్యి దించి ఊపాను.

ఈసారి ఆమె దాటలేదు. పక్కకొచ్చి హెల్మెట్ అద్దం పైకెత్తింది.

"మళ్ళీ తిమ్మిరా?"

"కాదు!"

"దాటిపొమ్మనా?"

"అదీ కాదు. పక్కన ఉండమని!"

"అలాంటి సిగ్నల్ మా పుస్తకంలో లేదు!"

"అయితే రాసుకోండి! నా జవాబు అవును!"

"గుమ్మం ఇంకా రాలేదు!" అని కేకేసింది. కానీ రెండు బళ్ళు పక్కపక్కన నడపకూడదని పొద్దున నాకు క్లాసు పీకిన మనిషి, మలుపు దాకా నా పక్కనుంచి కదల్లేదు.

వదిన గుమ్మంలోనే కాచుకుని ఉంది. "ఏమ్మా టీచరూ, మా చిన్నముల్లు పాసా, ఫెయిలా?"

"సిగ్నళ్ళన్నీ తప్పే అక్కా. మొదట్నుంచీ నేర్పించాలి."



"ఎన్నాళ్ళు పడుతుందేంటి?" అంది వదిన.

ఆమె నా ఎడమచేతి గ్లవ్ లాగింది, బన్ను కవరు లాగింది. వేళ్ళు వెచ్చగానే ఉన్నాయో లేదో పట్టుకుని చూసింది. చూశాక వదల్లేదు.

"ఇద్దరికీ జుట్టు నెరిసేదాకా పట్టేలా ఉందక్కా" అంది.